ఇంటి పాత ఫొటోల్లో కాలనీ ఎదిగిన తీరు: భద్రపరిచి, వరుస పెట్టడం ఎలా?

‘పాత పెట్టెలో 1950లు, 60ల నాటి ఇంటి ఫొటోలు వందలకొద్దీ ఉన్నాయి, ఎక్కడ మొదలుపెట్టాలి?’ అని పదేపదే అడుగుతున్నారు. అడిగేవాళ్ల ఇళ్ల సంగతి దాదాపు ఒకటే. ఊరి చివర కొత్తగా వేసిన కాలనీలోకి కుటుంబం మారింది. ఎవరో ఒక చిన్న కెమెరా కొన్నారు. ఆ తర్వాత పదిహేనిరవై ఏళ్లపాటు పిల్లల్ని, పెరటిని, కొత్త కారుని, పక్కింటి గోడ కట్టేవాళ్లని తీస్తూ పోయారు.

ముఖాలున్నాయి కాబట్టి ఆ ఫొటోలను ఇంట్లో దాచుకుంటారు. ముఖాల వెనక ఉన్నదాన్ని మాత్రం ఎవరూ చూడరు. పాప నిలబడ్డ చోట వెనక ఖాళీ స్థలం, మట్టిరోడ్డు, ఊతకర్రకు కట్టిన మొక్క, ఇంకా తీగ లాగని కరెంటు స్తంభం. కాలనీ ఎలా పెరిగిందో చెప్పే సాక్ష్యం చాలాసార్లు ఈ అంచుల్లో తప్ప ఇంకెక్కడా మిగలదు. అందుకే ఈ పనికి రెండు నియమాలు: దొరికిన వరుసను చెదరగొట్టకండి, అంచులు కత్తిరించకండి.

కావలసినవి

- ఫ్లాట్‌బెడ్ స్కానర్. నెగెటివ్‌లు, స్లైడ్లు ఉంటే మూతలో లైటు ఉన్న రకమే తీసుకోవాలి.
- చేత్తో నొక్కే రబ్బరు బ్లోయర్, మెత్తటి వెడల్పాటి బ్రష్. డబ్బాలో వచ్చే స్ప్రే గాలి వద్దు, ఒక్కోసారి చల్లటి ద్రవం చిమ్మి మరక పడుతుంది.
- నెగెటివ్‌లు పట్టుకోవడానికి నైట్రైల్ గ్లోవ్స్. నూలు గ్లోవ్స్ పోగులు చిరిగిన అంచులకు తగులుకుంటాయి. ప్రింట్లకైతే కడిగి ఆరబెట్టుకున్న చేతులతో అంచులు పట్టుకుంటే చాలు.
- 2బీ పెన్సిల్, భూతద్దం, లైట్ ప్యాడ్, చిన్న యూవీ (అతినీలలోహిత కాంతి) టార్చి.
- ఆమ్లం లేని కాగితపు కవర్లు, లేదా పాలియెస్టర్, పాలిప్రొపిలీన్ తొడుగులు. ఐఎస్ఓ 18916 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం చేసే ‘పీఏటీ’ పరీక్ష (తొడుగు ఫొటోకు హాని చేస్తుందా అని చూసేది) నెగ్గినవైతే నిశ్చింత. ఘాటైన ప్లాస్టిక్ వాసన వచ్చే పీవీసీ తొడుగులు ఎంత చవకైనా వాడకండి.
- రెండు ఎక్స్‌టర్నల్ డిస్కులు, ఒక స్ప్రెడ్‌షీట్.

స్కానర్ లేకపోతే కెమెరాతోగానీ ఫోన్‌తోగానీ తీయొచ్చు. ఫొటోను బల్లమీద పరిచి, రెండు వైపులా 45 డిగ్రీల కోణంలో ఒకే రకం లైట్లు పెట్టండి. కెమెరా ఫొటోకు సమాంతరంగా ఉండాలి. సరిగ్గా ఉందో లేదో తెలియాలంటే ఫొటో స్థానంలో చిన్న అద్దం పెట్టి చూడండి: లెన్స్ ప్రతిబింబం తెర నడిమధ్యలో కనబడాలి. ఫోన్‌లో ‘మెరుగుపరచు’ లాంటి ఫిల్టర్లన్నీ ఆపేయండి.

1. ముందు వాసన చూడండి

నెగెటివ్‌ల కవరు తెరవగానే వెనిగర్ వాసన ఘాటుగా వస్తే అసిటేట్ అనే ప్లాస్టిక్ మీద చేసిన ఫిల్మ్ పాడవడం మొదలైందన్నమాట. అలాంటివి మిగతావాటి నుంచి వేరుచేసి, అన్నిటికంటే ముందు స్కాన్ చేయండి. ఆ ఆవిరి పక్క ఫిల్మ్‌ను కూడా పాడుచేస్తుంది. ఫిల్మ్ ముడతలు పడి, పొర లేచిపోతుంటే బలవంతంగా చదును చేయకుండా నిపుణులకివ్వండి.

1950కి ముందువైతే ఇంకో జాగ్రత్త. కొడాక్ తన రోల్ ఫిల్మ్ కొన్నిటిని ఆ ఏడాది దాకా నైట్రేట్ అనే పాత రకం ప్లాస్టిక్ మీదే తయారుచేసింది. నైట్రేట్‌కు తేలిగ్గా నిప్పంటుకుంటుంది, అంటుకుంటే ఆర్పడం దాదాపు అసాధ్యం. అంచు మీద ఇంగ్లీషులో ‘సేఫ్టీ’ అని ఉంటే ఆ భయం లేదు. లేకపోతే, ముఖ్యంగా ఫిల్మ్ పసుపుబారి జిగటగా ఉంటే, లైట్ ప్యాడ్ మీద ఎక్కువసేపు ఉంచకండి, గాలి చొరని డబ్బాలో మూయకండి. నిజమో కాదో చూద్దామని ముక్క కోసి కాల్చడం ఇంట్లో అసలు చేయకూడదు.

2. దొరికింది దొరికినట్టు నమోదు చేయండి

చాలామంది మొదట్లోనే చేసే తప్పు ఇది: అన్నిటినీ నేల మీద పోసి ‘పెళ్లిళ్లు’, ‘పిల్లలు’, ‘ఇల్లు’ అని కుప్పలు పెడతారు. ఒకే రీల్లోంచి వచ్చిన పన్నెండు ఫొటోలు నాలుగు కుప్పల్లోకి పోతాయి. పక్కపక్కన ఉన్నప్పుడు ఒకదాని తేదీని ఇంకొకటి చెప్పగలిగేది. ఇప్పుడు ఏదీ చెప్పలేదు.

కాబట్టి పెట్టె తెరిచినప్పుడు ఉన్న స్థితిని ఫోన్‌తో ఫొటో తీయండి. ఒక్కో కవరుకి, ఒక్కో ఆల్బమ్‌కి మూడంకెల సంఖ్య ఇవ్వండి: 001, 002, 003. లోపలివాటికి ఉన్న వరుసలోనే 01 నుంచి సంఖ్యలు. ఫొటో స్టూడియో ఇచ్చిన పాత కవర్లు చిరిగిపోయినా పారేయకండి. వాటి మీద చేతిరాతతో వేసిన ఆర్డరు నంబరు, తేదీ ఉండొచ్చు. సంఖ్యను ప్రింటు వెనక పెన్సిల్‌తో, అంచు దగ్గర, గట్టి బల్ల మీద పెట్టి తేలిగ్గా రాయండి. బాల్‌పెన్ గీత ముందువైపుకు ఉబ్బుతుంది. నున్నటి ప్లాస్టిక్ లాంటి కాగితం మీద పెన్సిల్ పడదు. దాన్ని తొడుగులో పెట్టి తొడుగు మీద రాయండి.

3. ఆల్బమ్ నుంచి తీయాలా వద్దా?

నల్ల అట్టపుటల మీద మూలలు దోపిన ఆల్బమ్ అయితే విడదీయకండి. పుట మొత్తాన్ని ఒకసారి, తర్వాత ఒక్కో ఫొటోను విడిగా స్కాన్ చేయండి. పుట కింద రాసిన మాటలు కూడా రావాలి.

పైన పారదర్శక రేకు, కింద జిగురు గీతలు ఉండే ఆల్బమ్‌లు వేరు. ఆ జిగురు ఫొటోను పసుపుబారుస్తుంది, వాటిని తీయాల్సిందే. మైనం పూయని డెంటల్ ఫ్లాస్‌ను ఫొటో వెనకగా పోనిచ్చి, మెల్లగా రంపంలా అటూఇటూ జరపండి. ఫొటో వంగుతుంటే ఆగిపోండి. రాకపోతే పుట కాగితాన్నే చుట్టూ కత్తిరించి, ఫొటోను దానితోపాటే ఉంచేయండి. ఫ్రేమ్ అద్దానికి అతుక్కుపోయినదాన్ని లాగనే కూడదు, అద్దంతో సహా స్కాన్ చేయండి.

4. దుమ్ము దులపడం

బ్లోయర్, తర్వాత బ్రష్. నీళ్లు, గ్లాసు తుడిచే ద్రవాలు, తడి గుడ్డ వద్దు. స్కానర్ అద్దాన్ని మాత్రం పది ఫొటోలకొకసారి పొడి మైక్రోఫైబర్ గుడ్డతో తుడవండి.

5. స్కాన్ చేయడం

ముందు ఒక నిర్ణయం: ప్రింటూ నెగెటివూ రెండూ ఉంటే రెండూ స్కాన్ చేయాలి. ప్రింటు వేసే యంత్రాలు నెగెటివ్ అంచుల్ని కొంత కోసేసేవి. పక్కింటి పునాది గుంట ప్రింట్లో లేకుండా నెగెటివ్‌లో మాత్రమే కనబడొచ్చు. ప్రింటులో మాత్రం వెనక రాత ఉంటుంది, ఏది నచ్చి ప్రింటు వేయించారో తెలుస్తుంది.

ఈ సెట్టింగులు సరిపోతాయి:

- మామూలు ప్రింట్లు: 600 డీపీఐ (అంగుళానికి 600 చుక్కలు). 9 సెంటీమీటర్ల చదరపు ప్రింటు సుమారు 2100 పిక్సెళ్ల వెడల్పు వస్తుంది.
- నెగెటివ్ సైజులోనే వేసిన చిన్న కాంటాక్ట్ ప్రింట్లు: 1200 డీపీఐ. వీటిలో కంటికి కనబడనంత వివరం ఉంటుంది.
- 120, 620 అనే వెడల్పాటి సైజుల రోల్ నెగెటివ్‌లు: 2400 డీపీఐ. 6×6 నెగెటివ్ దాదాపు 5300 పిక్సెళ్లు వస్తుంది.
- 35 మిల్లీమీటర్ల నెగెటివ్‌లు, స్లైడ్లు: 3200 డీపీఐ.

ఫైలును నాణ్యత తగ్గించని రకమైన టిఫ్‌లో భద్రపరచండి, జేపెగ్ నకలు తర్వాత తీసుకోవచ్చు. నలుపు తెలుపు ప్రింట్లను కూడా కలర్ మోడ్‌లోనే తీయండి, సిరా రాతలు, మరకలు విడిగా తెలుస్తాయి. రంగు వెలిసిన ప్రింట్లకు ఒక్కో రంగుకి 16 బిట్లు పెట్టండి. వెలిసిన రంగును తర్వాత బాగా సాగదీయాల్సి వస్తుంది, 8 బిట్లైతే ఆకాశం చారలు చారలుగా విరుగుతుంది.

ఆటోమేటిక్ షార్పెనింగ్, రంగు సవరణ, దుమ్ము తొలగింపు అన్నీ ఆపండి. ఇన్‌ఫ్రారెడ్ దుమ్ము తొలగింపు నలుపు తెలుపు ఫిల్మ్‌కు అసలు పనికిరాదు. ఆ ఫిల్మ్‌లో ఉన్న వెండి ఇన్‌ఫ్రారెడ్‌ను అడ్డుకుంటుంది, స్కానర్ బొమ్మనే దుమ్మనుకుని చెరిపేస్తుంది. కొడాక్రోమ్ అనే పాత రంగుల ఫిల్మ్ స్లైడ్లతోనూ ఇదే చిక్కు రావచ్చు.

ప్రింటు చుట్టూ తెల్ల అంచుతో సహా, నెగెటివ్ అయితే అంచు మీది ఫ్రేమ్ నంబరుతో సహా రావాలి. వెనకవైపు ఒక్క అక్షరమున్నా, ముద్ర ఉన్నా అదీ స్కాన్ చేయాలి.

తరచూ వచ్చే ఇబ్బందులు: నెగెటివ్ మెరిసే వైపు అద్దానికి తగిలితే ఇంద్రధనుస్సు వలయాలు పడతాయి, హోల్డర్ వాడి కాస్త ఎత్తులో ఉంచండి. మొత్తం మసకగా వస్తే హోల్డర్ ఎత్తు మార్చి మళ్లీ చూడండి. బొమ్మ కుడిఎడమలు తిరగబడిందేమోనని అనుమానమొస్తే ఫిల్మ్‌ను మెరిసే వైపు మీకు ఎదురుగా పట్టుకోండి, అంచు అక్షరాలు సరిగ్గా చదవగలిగితే బొమ్మ కూడా సరైన వైపే ఉంది.

6. ఫైలు పేరులో తేదీ పెట్టకండి

తేదీ మీద మీ అభిప్రాయం కనీసం రెండుసార్లు మారుతుంది. పేరు మారితే లింకులు తెగుతాయి. కవరు సంఖ్య, ఫొటో సంఖ్య, వైపు చాలు: 14వ కవరులో 5వ ఫొటో ముందువైపు 014-05-1, వెనకవైపు 014-05-2. తేదీ, మనుషులు, చోటు, వెనక రాత, ‘ఎలా తెలిసింది’ అనే కాలమ్‌లు స్ప్రెడ్‌షీట్‌లో ఉండాలి. ఆ చివరి కాలమ్ ఖాళీగా వదలకండి. ‘1958’ అని ఒక్కటే రాస్తే, అది వెనక రాసున్నదా మీ ఊహా అన్నది ఇంకో పదేళ్లకు మీకే తెలియదు. సుమారు అయితే 1958~ అని, అనుమానమైతే 1958? అని రాయండి, తేదీలకు అంతర్జాతీయంగా వాడే గుర్తులే ఇవి.

7. తేదీ కట్టడం

ప్రతి ఫొటోకీ రెండు హద్దులు వెతకండి: ‘దీనికి ముందు తీసింది కాదు’, ‘దీని తర్వాత తీసింది కాదు’. ఒకే అంకె కోసం పట్టుబడితే తప్పు జవాబే వస్తుంది.

వస్తువు చెప్పే హద్దులు:

- తెల్ల అంచు మీద నెల, సంవత్సరం అచ్చువేసి ఉంటే అది ప్రింటు వేసిన తేదీ, ఫొటో తీసిన తేదీ కాదు. రీలు అయిపోయేదాకా కెమెరాలో నెలల తరబడి ఉండేది. ‘జనవరి’ అని ఉన్న ఫొటోలో పిల్లలు పైపు నీళ్లలో ఆడుతుంటే కంగారు పడక్కర్లేదు.
- చదరపు నెగెటివ్ 28 మిల్లీమీటర్లు ఉండి, ఫ్రేముకి ఒకే రంధ్రం ఉంటే అది 126 కార్ట్రిడ్జ్. 1963కి ముందుది కాదు. చదరపు ప్రింటుని చూసి మాత్రం ఈ మాట అనకండి. 120, 127 ఫిల్మ్ కూడా చదరపు బొమ్మే ఇచ్చేవి.
- పోలరాయిడ్ అమ్మకాలు 1948 చివర్లో మొదలయ్యాయి, రంగు పోలరాయిడ్ 1963లో. కింద వెడల్పాటి తెల్ల అంచుండి, పొర ఒలిచే పని లేని రకం 1972 నుంచి.
- ప్లాస్టిక్ పూత ఉన్న నున్నటి కాగితం 1960ల చివరి నుంచే వాడుకలోకి వచ్చింది. 1952 నాటి దృశ్యం ఆ కాగితం మీద ఉంటే అది తర్వాత వేయించిన నకలు.
- చీకట్లో యూవీ టార్చి వేస్తే కాగితం నీలి తెలుపుగా మెరిసిందా? అలా మెరిసే పదార్థాలు ఫొటో కాగితాల్లో 1950ల తొలినాళ్ల నుంచే కనిపిస్తాయి. మెరవకపోయినంత మాత్రాన పాతదని తేల్చలేం.

బొమ్మలోని వస్తువులు ఎక్కువగా మొదటి హద్దునే చెబుతాయి. కారు మోడల్ చూసి ‘1955’ అని రాసేయడం మామూలుగా జరిగే పొరపాటు. 1955 మోడల్ కారు 1970లోనూ ఇంటి ముందు ఉండొచ్చు. పైగా చాలా కంపెనీలు కొత్త మోడల్‌ను ముందటి ఏడాది చివర్లోనే అమ్మేవి. నంబరు ప్లేటు మీద ఏడాది ఉంటే అది ఇంతకంటే గట్టి ఆధారం.

ఇక అసలు పని. ఎదుగుతున్న కాలనీలో ఒక్కసారి జరిగి మళ్లీ వెనక్కి పోని మార్పులు చాలా ఉంటాయి: రోడ్డుకి తారు వేయడం, స్తంభం నాటడం, ఎదురింటి పైకప్పు పడటం, వరండా మూసి గది చేయడం, పైకప్పు మీదకు టీవీ యాంటెనా ఎక్కడం. స్ప్రెడ్‌షీట్‌లో వీటిని నిలువు కాలమ్‌లుగా, ఫొటోలను అడ్డ వరుసలుగా పెట్టండి. ప్రతి గడిలో మూడింట్లో ఒకటి రాయండి: ‘ఉంది’, ‘లేదు’, ‘కనబడదు’. తర్వాత ‘ఉంది’లు మెట్లు మెట్లుగా దిగేలా వరుసల్నీ కాలమ్‌లనీ జరుపుతూ పోండి. ఏ ఫొటో ముందు, ఏది తర్వాత అన్నది చాలావరకు దానంతటదే బయటపడుతుంది. ఇంట్లో ఎవరికీ గుర్తులేని సంగతి ఈ పట్టికలో తేలుతుంది, అందుకే ఓపిక పట్టమంటున్నాం.

‘లేదు’, ‘కనబడదు’ ఒకటి కావు. స్తంభం ఉండాల్సిన చోటు ఫ్రేములో స్పష్టంగా కనబడి, స్తంభం లేకపోతేనే ‘లేదు’. ఈ తేడా వదిలేస్తే పట్టిక మొత్తం పనికిరాదు.

ఒక్క వరుస మెట్లలో ఇమడకపోతే కారణం సాధారణంగా మూడింట్లో ఒకటి: బొమ్మ కుడిఎడమలు తిరగబడింది, అది వేరే ఇల్లు, లేదా ఆ వస్తువు ఒకసారి తీసేసి మళ్లీ కట్టింది. ఒకే ప్లానుతో వరుసగా కట్టిన ఇళ్లున్న కాలనీల్లో రెండోది తరచూ జరుగుతుంది. తలుపు పక్క కిటికీల సంఖ్య, మెట్లు, చిమ్నీ లేదా నీళ్ల గొట్టం ఉన్న వైపు చూసి తేల్చుకోండి.

చెట్ల ఎత్తును తేదీకి వాడకండి, వరుసకు మాత్రమే వాడండి. నీళ్లు పడిన చోట మూడేళ్ల మొక్క, పడని చోట ఆరేళ్ల మొక్కంత ఉంటుంది. పైగా కొమ్మలు కొట్టిస్తారు.

8. పటం గీయండి

లేఅవుట్ ప్లాను దొరికితే దాని నకలు మీద, లేకపోతే తెల్లకాగితం మీద ఇళ్ల గడులు గీయండి. ప్రతి ఫొటోకీ కెమెరా ఉన్న చోట ఒక చుక్క, చూస్తున్న వైపు ఒక బాణం. చుక్క ఎక్కడో తెలియాలంటే బొమ్మలో ఒకే గీత మీదకు వచ్చిన రెండు స్థిరమైన వస్తువుల్ని పట్టుకోండి, ఉదాహరణకు స్తంభం, దాని వెనక ఇంటి మూల. ఆ రెంటినీ పటం మీద గీతతో కలిపి పొడిగించండి. ఇంకో జత దొరికితే రెండో గీత వస్తుంది. గీతలు కలిసిన చోటే కెమెరా.

దిక్కుకి నీడలు సాయం చేస్తాయి. ఉష్ణమండలానికి ఉత్తరాన ఉన్న చోట్ల మిట్టమధ్యాహ్నపు నీడ ఎప్పుడూ ఉత్తరానికే పడుతుంది, దక్షిణాన ఉన్న చోట్ల దక్షిణానికి. 

ఎత్తులకూ దారి ఉంది. నేల చదునుగా ఉంటే, దిగంతరేఖ ఏ వస్తువును ఎక్కడ తాకుతుందో ఆ ఎత్తు కెమెరా ఎత్తుతో సమానం. ఆ కాలపు బాక్స్ కెమెరాలు చాలావరకు నడుము దగ్గర పట్టుకుని పైనుంచి చూసేవి, అంటే సుమారు ఒక మీటరు. కంచె సగానికి రేఖ తగిలితే కంచె రెండు మీటర్లు.

9. పెద్దవాళ్లకు చూపించండి

వరుస కట్టిన తర్వాతే చూపించండి, పెట్టెలోంచి తీసినట్టుగా కాదు. పెద్ద తెర మీద, ఒక్కసారికి ముప్పై ఫొటోలు మించకుండా. మీ తేదీ ముందే చెప్పకండి. చెబితే ‘అవునవును’ అంటారు. ‘ఇది ఎవరు?’ అని ఆపేయకుండా ‘వెనక ఆ ఖాళీ స్థలంలోకి తర్వాత ఎవరొచ్చారు? నీళ్లు ఎక్కడినుంచి తెచ్చుకునేవాళ్లు? ఈ రోడ్డు అప్పట్లో ఎక్కడిదాకా ఉండేది?’ అని అడగండి. వాళ్ల అనుమతితో మాటలు రికార్డు చేసి, ఒక్కో ఫొటో మొదలయ్యేటప్పుడు దాని సంఖ్య పైకి చదవండి. వాళ్లు చెప్పింది పట్టికతో పడకపోతే ఏదీ చెరపకండి. రెండూ రాసి, ఎవరు చెప్పారో పక్కన పెట్టండి.

10. సరిచూసుకోవడం, దాచడం

కవరులోని వస్తువుల సంఖ్య, ఫోల్డరులోని ముందువైపు ఫైళ్ల సంఖ్య ఒకటేనా చూడండి. ప్రతి కవరు నుంచి రెండు మూడు ఫైళ్లు నూరు శాతం సైజులో తెరిచి నాలుగు మూలలూ పరీక్షించండి: మధ్యలో స్పష్టంగా ఉండి మూలల్లో మసకబారితే ఫిల్మ్ వంగింది. ఆకాశం మొత్తం తెల్లబోతే ఎక్స్‌పోజర్ తగ్గించి మళ్లీ తీయాలి. ఫొటో సాఫ్ట్‌వేర్ స్కాన్ చేసిన రోజునే ఫొటో తేదీగా చూపుతుంటే దాన్ని మార్చండి.

రంగులు సరిదిద్దడం, గీతలు తుడవడం నకళ్ల మీదే చేయండి, అసలు టిఫ్‌ను తాకకండి. ఏఐతో పెద్దవి చేసే ఉపకరణాలను ఆధారంగా చూపే బొమ్మలకు వాడొద్దని గట్టిగా చెబుతున్నాం. అవి లేని వివరాన్ని కల్పిస్తాయి. మసక నంబరు ప్లేటు మీద ఏదో ఒక అంకె, దుకాణం బోర్డు మీద ఏవో అక్షరాలు పుట్టుకొస్తాయి, మీరు తేదీ కట్టడానికి నమ్ముకున్నవే అవి.

మూడు నకళ్లు, రెండు రకాల నిల్వలు, ఒకటి వేరే ఇంట్లో. ఏడాదికోసారి కొన్ని ఫైళ్లు తెరిచి చూడండి. స్కాన్ అయిపోయిందని అసలు ఫొటోలు, నెగెటివ్‌లు పారేయకండి. తేమ 30 నుంచి 50 శాతం మధ్య ఉండే చల్లటి లోపలి గదిలో, అల్మారాలో, నేలకు ఎత్తుగా ఉంచండి. అటకా, నేలమాళిగా, బయటి గోడకు ఆనిన బీరువా పనికిరావు. రంగు ప్రింట్లు చీకట్లో ఉన్నా వెలుస్తాయి, చల్లదనం ఆ వేగాన్ని తగ్గిస్తుంది.

నలుగురికీ చూపించే ముందు, ఇంకా బతికున్న ఇరుగుపొరుగుల పేర్లు, ఇంటి నంబర్లు, వాళ్ల పిల్లల ఫొటోల విషయంలో అనుమతి తీసుకోండి. ఫొటో మీద హక్కు చాలా దేశాల్లో తీసినవాళ్లదీ, వాళ్ల తర్వాత వారసులదీ. ఫొటోలో ఉన్నవాళ్లది కాదు. స్టూడియో వాళ్లు తీసిన ప్రింట్లను కుటుంబం తీసినవాటి నుంచి పట్టికలో ముందే వేరుగా గుర్తుపెట్టి ఉంచితే ఈ దశలో వెతుక్కోవాల్సిన పని ఉండదు.